పొట్లంలో ఐదువందల కోట్లు

డాన్యూబ్ ఒడ్డున, రూసె ఊళ్లో,
మూడో అంతస్తు వంటింట్లో
ఇస్క్రా కత్తెరతో పొట్లం మూల కత్తిరిస్తుంది.
ఏ వాసనా లేని తెల్లపొడి,
ఉఫ్ అంటే ఎగిరిపోయేంత.
"ఇందులో ఐదువందల కోట్లు" అన్నాడు డాక్టర్ మిలెన్‌కోవ్
బ్యాంకు మేనేజరు గొంతుతో.
"అన్నీ బతికున్నవే. జాగ్రత్త."

కొప్చె అంటే వాళ్ల మాటల్లో గుండీ.
లిఫ్టు గోతిలో దొరికింది.
ఇస్క్రా లిఫ్టులు బాగుచేసే మనిషి.
ఎవరిదో ఊడిన గుండీని జేబులో వేసుకున్నట్టు
గ్రీజు చేతుల్తోనే తెచ్చేసుకుంది.

ఈ చలికాలం దానికి పన్ను చీముపట్టింది.
రెండు వారాలు యాంటిబయాటిక్స్.
చీము పోయింది.
దొంగ కోసం వచ్చిన పటాలం
వీధి దీపాలన్నీ పగలగొట్టి వెళ్లినట్టు
పొట్టలో కాపురమున్న ఊరు ఊరంతా పోయింది.
తర్వాత జరిగింది
ఇస్క్రాకి తెలుసు, బకెట్టుకి తెలుసు,
స్నానాలగది ముందు పట్టాకి మరీ తెలుసు.

కింద అంతస్తు పెన్కా బామ్మ ముంత పట్టుకొచ్చింది.
చెంచా నిలబడే పుల్లటి పెరుగు.
"పొడులెందుకే పిచ్చిదానా,
మా అత్తగారి నాటి జకవాస్కా ఇది,
యుద్ధంలో కూడా చావలేదు!"
డాక్టరుకి ఫోను.
డాక్టరు వద్దన్నాడు:
దీని పొట్టకి ఇప్పుడు పాల సరుకేదీ పడదు.
కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత
లేని దేశం కనుక
ఎవరూ నొచ్చుకోలేదు, బామ్మ తప్ప.
ఆ పెరుగు ఇస్క్రానే తినేసింది
ముంతలోంచే, నిలబడి.

కూటి కోసం కోటి విద్యలంటారు.
ఇక్కడ కోట్లని కూట్లో దాచడానికి
రోజుకో విద్య.
మొదటిరోజు ముద్ద మీద చల్లింది.
కొప్చె వాసన చూసి
ముందుకాలితో నేలని గీకి గీకి
లేని మట్టితో గిన్నెను పూడ్చిపెట్టింది.
రెండోరోజు చేప నీళ్లలో.
నీళ్లు తాగి, పొడిని
గిన్నె చుట్టూ మంచు అంచులా వదిలేసింది.

మూడోరోజు కోడి రసం కాచి కలిపింది.
ఆవిరి మొహానికి తగిలాక గుర్తొచ్చింది,
వేడికి చచ్చిపోతాయి.
ఐదువందల కోట్లు.
సింకు దగ్గర గిన్నె వంచి
కుళాయి తిప్పడానికి
కాసేపు చెయ్యి రాలేదు ఆమెకి.
ఎవరికి చెప్పుకోవాలి ఇలాంటిది,
చెప్పినా ఎవరు నవ్వకుండా వింటారు?

నాలుగోరోజు కాలేయం ముద్దలో పొడి కలిపి
పిల్లి ముందుపాదానికే పూసేసింది.
కొప్చె ఆమెని చూసింది.
పాదాన్ని చూసింది.
ఛీ, ఇదేం అవతారమని నాకడం మొదలుపెట్టింది
వేళ్ల సందులు కూడా వదలకుండా.
ఆకలికి లొంగనిది
పరువుకి లొంగింది.

పాలని పెరుగు చేసే ఆ చెంచాడు పాతదాన్ని
బామ్మ జకవాస్కా అంటుంది.
నేను రాస్తున్న ఈ భాషలో
తోడు అంటారు.
పాలకైనా అదే మాట, మనిషికైనా అదే.
ఇస్క్రాకి ఈ భాష రాదు.
రాత్రి షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పకుండా
పిల్లి పొట్ట మీద చెవి ఆనించి
గుడగుడలు వింటుంది, అంతే.
మోటారు వినే అలవాటు.

ఏడోరోజు తెల్లారుజామున
ఇసుక తొట్టెలో ఒక వార్త.
"గట్టిగా ఉంది!" అని ఆమె అరిచిన అరుపు
మెట్లంతా దిగి
బామ్మ తలుపు దాకా వెళ్లింది.
బామ్మ దాన్ని తన పెరుగు ఖాతాలో రాసుకుంది,
తిన్నదెవరో అడగలేదు.

ఇంతలో ఫోను.
ఆస్పత్రి లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు.
కోటు మీద పడుకున్న కొప్చె లేవదు.
ఫ్రిజ్‌లో ఇంకా మూడు పొట్లాలు.
ఇస్క్రా కోటు వదిలేసి
స్వెట్టరుతోనే
మంచులోకి పరిగెత్తింది.